మహిళా అధికారుల ఇంటర్వ్యూలు: ఎవరిని, ఎంతమందిని, ఎలా అడగాలి?

పరిశోధక విద్యార్థిని, అనంతపురం:
అందరికీ నమస్కారం. బాధ్యత గల పదవుల్లో ఉన్న ఆడవాళ్లు పనిలో వచ్చే ఒత్తిడిని ఎలా తట్టుకుంటున్నారన్నది నా పీహెచ్‌డీ అంశం. అంకెలు, శాతాలు కాకుండా ఇంటర్వ్యూలతోనే చేయమని గైడ్ సార్ చెప్పారు. హెడ్‌మిస్ట్రెస్‌లు, తహసీల్దార్లు, ఎంపీడీవోలు, మండల మహిళా సమాఖ్య (పొదుపు సంఘాల కూటమి) అధ్యక్షురాళ్లు అందరూ కలిపి యాభై మందితో మాట్లాడాలనుకున్నాను. ముందుగా ఒక హెడ్‌మిస్ట్రెస్ గారిని కలిసి "ఒత్తిడిని ఎలా ఎదుర్కొంటారు మేడమ్?" అంటే "ఏముందమ్మా, అలవాటైపోయింది" అన్నారు. పది నిమిషాల్లో ప్రశ్నలన్నీ అయిపోయాయి. చాలా టెన్షన్‌గా ఉంది. దారి చెప్పండి.

లెక్చరర్, కర్నూలు:
టెన్షన్ పడకండమ్మా. ఆ ప్రశ్న అడిగితే ఎవరైనా అదే చెప్తారు. జరిగిన సంగతి అడగండి. "ఈ మధ్య ఇంటికి వెళ్లాక కూడా మీ మనసులోంచి పోని సంగతి ఒకటి చెప్తారా?" అని మొదలుపెట్టండి. తర్వాత ఆ సంగతి వెంటే వెళ్లండి. అప్పుడు పక్కన ఎవరున్నారు, మీరేమన్నారు, ఆ రాత్రి ఎవరికి చెప్పుకున్నారు, మర్నాడు ఆఫీసులో ఆ మనిషి ఎదురైతే ఏం చేశారు? ఎవరికీ చెప్పుకోలేదంటే అదీ రాసుకోండి. "అలవాటైపోయింది" అన్నచోట ఆగి, "కొత్తలో చేరినప్పుడు ఎట్లుండేది మేడమ్?" అని అడిగి చూడండి.

ఒత్తిడిని ఎదుర్కొనే తీరుల మీద మనస్తత్వవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లో చేసిన విభజన మీరు చదివే ఉంటారు: సమస్యను మార్చే ప్రయత్నం ఒకటి, దానివల్ల కలిగే బాధను తగ్గించుకునే ప్రయత్నం ఇంకొకటి. చదవాల్సిందే, కానీ దాన్ని చేతిలో పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లొద్దు. మీటింగులో పై అధికారి అందరిముందూ అరిచాడనుకోండి. ఆమె అప్పటికి నోరెత్తలేదు. సాయంత్రం కూర్చుని జరిగినదంతా తేదీలతో ఫైల్లో రాసిపెట్టుకుంది. ఇందులో రెండూ ఉన్నాయి కదా!

నాలుగు రకాల వాళ్లనూ కలపొద్దని నా గట్టి అభిప్రాయం. తహసీల్దారుకు జీతం, బదిలీ, పైనుంచి ఫోన్లు ఉంటాయి. సమాఖ్య అధ్యక్షురాలు సభ్యులు ఎన్నుకున్న మనిషి. బాకీ కట్టమని ఆమె వెళ్లి అడగాల్సింది తనకు అక్కో వదినో అయ్యేవాళ్లను. ఒక రకాన్ని తీసుకోండి, మహా అయితే రెండు.

పరిశోధక విద్యార్థిని:
ధన్యవాదాలు మేడమ్. యాభై కంటే తగ్గిస్తే కమిటీ ఒప్పుకుంటుందా?

లెక్చరర్, కర్నూలు:
కారణం చూపిస్తే ఒప్పుకుంటారు. ఘానా, నైజీరియాల్లో 60 మంది ఆడవాళ్ల ఇంటర్వ్యూలను గెస్ట్, బన్స్, జాన్సన్ అనే పరిశోధకులు పరిశీలించి 2006లో ఒక వ్యాసం రాశారు. మొదటి 12 అయ్యేసరికే ముఖ్యమైన విషయాలు చాలావరకు వచ్చేశాయని చూపించారు. అయితే అక్కడ మాట్లాడినవాళ్లు దాదాపు ఒకే తరహా, అందరికీ ప్రశ్నలూ అవే. మీరు రెండు రకాలు తీసుకుంటే దేనికది విడిగా లెక్కేసుకోవాలి. ఒక్కో రకానికి పదిహేను మంది అని ప్రతిపాదనలో పెట్టి, కొత్త సంగతులు రావడం ఆగేదాకా వెళ్తానని కూడా రాయండి. గంట రికార్డింగును మాట పోకుండా రాయాలంటే ఐదారు గంటలు పడుతుంది. యాభై మందివి ఒక్కరే రాయడం ఎంత కష్టమో చూసుకోండి. తెలుగులోనే రాసుకుని కోడింగ్ (ఏ మాట ఏ అంశం కిందికి వస్తుందో గుర్తులు పెట్టడం) కూడా తెలుగు మీదే చేయండి. థీసిస్‌లోకి వెళ్లే మాటలను మాత్రం చివర్లో ఇంగ్లీషు చేసుకోవచ్చు.

హెడ్‌మిస్ట్రెస్, కడప:
మాట్లాడాల్సిన వైపు నుంచి నేనొకటి చెప్తాను. ఆఫీసు గదిలో మేము నిజం చెప్పలేం. అటెండర్ వస్తాడు, ఫోన్ మోగుతుంది, తలుపు తీసే ఉంటుంది. ఇంట్లో అత్తగారు ఉంటారు. కాబట్టి చోటు మమ్మల్నే ఎంచుకోనివ్వండి. మార్చిలో పదో తరగతి పరీక్షలప్పుడు మా దగ్గరికి, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక రోజున రెవెన్యూ వాళ్ల దగ్గరికి రావొద్దు.

అన్నిటికన్నా పెద్ద భయం, మా మాట ఎవరిదో తెలిసిపోవడం. పేరు తీసేస్తే చాలదమ్మా. మండలానికి తహసీల్దారు ఒక్కరే. 2022లో జిల్లాలు విడిపోయి ఇంకా చిన్నవయ్యాయి. ఫలానా మండలం, ఫలానా ఏడాది, మహిళా తహసీల్దారు అని రాస్తే డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలిసిపోతుంది. మండలం, ఏడాది, పిల్లల సంఖ్య, భర్త ఉద్యోగం, ఇవేవీ ఒకచోట కనిపించకూడదు. రాసింది అచ్చుకు వెళ్లేముందు ఒకసారి మాకు చూపించండి. మేము వద్దన్న ముక్క తీసేస్తానని సమ్మతి పత్రంలోనే రాయండి. ఆ పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి.

లెక్చరర్, కర్నూలు:
మేడమ్ చెప్పింది అక్షరాలా పాటించండి. ఇంకొకటి. మాటల్లో లైంగిక వేధింపు బయటపడొచ్చు. పనిచేసేచోట ఆడవాళ్లపై ఇలాంటి వేధింపును అరికట్టే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్నచోట్లకు, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. మహిళల 181 హెల్ప్‌లైన్ నంబరుతో పాటు ఈ వివరాలు ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. అడిగితే ఇవ్వండి, ఫిర్యాదు చేయమని ఒత్తిడి మాత్రం పెట్టొద్దు. మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే మొదటి ఇంటర్వ్యూ.

పరిశోధక విద్యార్థిని:
హెడ్‌మిస్ట్రెస్‌లు, సమాఖ్య అధ్యక్షురాళ్లు, ఈ రెండే ఉంచుతున్నాను. ఒక అధ్యక్షురాలు మాట్లాడతానన్నారు కానీ వాళ్లాయన కూడా పక్కన కూర్చుంటానంటున్నారు. వద్దంటే ఆమెకు ఇబ్బందేమో?

లెక్చరర్, కర్నూలు:
వద్దనకండి. మొదటిసారి ఆయన ముందరే సంఘం ఎప్పుడు మొదలైంది, పొదుపు ఎలా పెరిగింది లాంటివి అడగండి. ఐక్యరాజ్యసమితి సహాయంతో 1990ల్లో మహిళా సంఘాలతో పేదరిక నిర్మూలన కార్యక్రమం మొదలైన జిల్లాల్లో అనంతపురం, కర్నూలు ఉన్నాయి, కాబట్టి పాత సంగతులు ఇద్దరూ చెప్తారు. రెండోసారి సమాఖ్య మీటింగ్ ఉన్న రోజున ఆఫీసుకే వెళ్లండి. మీటింగ్ అయ్యాక ఆమె ఒక్కరే ఉన్నప్పుడు, ఆమెకు ఇష్టమైతేనే, అసలు ప్రశ్నలు అడగండి. ఏ మాట ఎవరి ఎదుట చెప్పారో మీ నోట్సులో తప్పకుండా రాసుకోండి. సమ్మతి పత్రం రాశాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.