ఫార్చ్యూనర్‌కి టైర్లు: హెచ్‌టీనా, ఏటీనా?

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, మద్దిలపాలెం. బండి ఫార్చ్యూనర్ 4x2 (ఇంజిన్ శక్తి రెండు చక్రాలకే అందేది), టైరు సైజు 265/65 ఆర్17. కంపెనీ టైర్లు అరిగి ట్రెడ్ (టైరు మీది గాళ్ల లోతు) 2 మి.మీ.కి వచ్చేసింది. 1.6 దాకా లాగొచ్చంటారు గానీ, మొన్న వానలో హైవే మీద బ్రేకేస్తే బండి జర్రున జారింది. ఇక మార్చాల్సిందే. హెచ్‌టీ (తారు రోడ్డుకి చేసినవి) వేయించాలా, ఏటీ (తారుకీ, మట్టికీ పనికొచ్చేవి) వేయించాలా అన్నదే సందేహం.

నా తిరుగుడు ఎక్కువగా ఊళ్లోనే. నెలకోసారి మాత్రం అనంతగిరి ఘాట్ మీదుగా అరకు, అక్కడి నుంచి మా అత్తగారి ఊరికి నాలుగు కిలోమీటర్ల మట్టి రోడ్డు. వానాకాలంలో అది రోడ్డు కాదు, దమ్ము చేసిన మడి! ఆ నాలుగు కిలోమీటర్ల కోసం ఏటీ వేయిస్తే తారు రోడ్డు మీద మోత, డీజిల్ ఖర్చు ఎంత పెరుగుతాయి? తడి రోడ్డు మీద ఘాట్ మలుపుల్లో పట్టు ఎలా ఉంటుంది? యోకోహామా జియోలాండర్ ఏటీ వాడినవాళ్లు చెప్పండి. (అచ్యుతాపురంలో వాళ్ల ఫ్యాక్టరీ ఉందని మురిసిపోయాను, తీరా చూస్తే అది మొదట పెట్టింది ట్రాక్టర్ల లాంటి వాటి టైర్ల కోసమట.)

ఇంకోటి. ఒక షాపులో తక్కువకిస్తానన్న టైరు మీద 2322 అని ఉంది, అంటే 2022లో 23వ వారం సరుకు. కొత్తదే, వాడలేదు అంటున్నాడు. తీసుకోవచ్చా? స్టెప్నీ కూడా కలిపి అయిదూ మార్చాలా, నాలుగు చాలా?