తెల్లవారనా, తెల్లవారలా? చిలకమర్తి పద్యంలో మూడో పాదం

చరిత్ర పాఠాలు:
ఎమ్మే వాళ్ల ఆధునిక ఆంధ్ర చరిత్ర పేపర్లు దిద్దుతున్నాను. వందేమాతరం ఉద్యమం మీద ప్రశ్న. 1907లో బెంగాల్ జాతీయ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చిన సంగతి రాస్తూ దాదాపు అందరూ కవి చిలకమర్తి లక్ష్మీనరసింహం పద్యం ఎత్తుకున్నారు. నాకు నోటికి వచ్చింది ఇలా:

భరతఖండంబు చక్కని పాడియావు
హిందువులు లేగదూడలై యేడ్చుచుండ
తెల్లవారలు గడుసరి గొల్లవారు
పితుకుచున్నారు మూతులు బిగియగట్టి

పిల్లల్లో ఎక్కువమంది మూడో పాదం 'తెల్లవారను' అని రాశారు. ఒకమ్మాయి దానికి 'తెల్లవారగానే' అని అర్థం చెప్పింది. పొద్దున్నే పాలు పితుకుతారు కాబట్టి అట. మిగతా జవాబు చాలా బాగుంది. ఆ అక్షరం 'ను' అనుకోవాలా, 'లు' అనుకోవాలా?

ప్రాసయతి:
ఛందస్సు ఇక్కడ సాయం చేయదు. 'వారను', 'వారలు' రెండూ భగణమే (ఒక గురువు, రెండు లఘువులు). తెల్ల, గొల్ల ప్రాసయతి (రెండో అక్షరం 'ల్ల' కలవడం) రెండింటిలోనూ నిలబడుతుంది. అర్థం మీదే తేల్చుకోవాలి. నేను 'ను' వైపు. తెల్లవారు అను గొల్లవారు, శుద్ధమైన రూపకం. 'లు' అంటే రెండు ప్రథమావిభక్తి మాటలు పక్కపక్కన పడి పాదం చప్పబడిపోతుంది.

గోదారి గట్టు:
చప్పబడటం ఏమిటండీ! అది సభలో చెప్పిన పద్యం. పాల్ గారి ఉపన్యాసాన్ని తెలుగులో జనానికి అందించింది చిలకమర్తి వారే. ఆ ఊపులో 'తెల్లవారలు' అని సాగదీసి ఒక్క క్షణం ఆగి 'గడుసరి గొల్లవారు' అనండి, బిగువు ఎక్కడుందో తెలుస్తుంది. 'అను' అని విడమరిచి చెప్పడం వ్యాఖ్యాతల పని. ఆయన నాటకం గయోపాఖ్యానం పద్యాలు స్టేజీ మీద విన్నవాళ్లెవరూ ఆయన చెవిని శంకించరు.

పాత ప్రతులు:
గయోపాఖ్యానం ఎత్తారు కనుక ఒక మాట. చిలకమర్తి వారికి చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ. పూర్తిగా పోయాక స్వీయచరిత్ర కూడా చెప్పి రాయించినదే. ఆయన సాహిత్యంలో సగం నోటి మీదుగా కాగితానికి ఎక్కింది. ఈ పద్యమైతే సభలోంచి నేరుగా జనం నోళ్లలోకి వెళ్లింది. 'ను', 'లు' రెండూ ఆ రోజుల నుంచే తిరుగుతూ ఉండొచ్చు. ఇక పకోడీ మీద చెప్పిన పద్యాలు చూడండి, ఎంత తేలిక చెయ్యి! అలాంటి కవికి ఒక పాదాన్ని రెండు రకాలుగా చెప్పడం కష్టమా?

శ్లేషప్రియ:
ఆ అమ్మాయిని కొట్టిపారేయకండి. తెల్లవారన్, అంటే తెల్లవారగా. ద్రుతానికి, అంటే చివరి 'న్'కు, ఉత్వం ('ఉ') చేరితే 'తెల్లవారను'. వ్యాకరణం ఒప్పుకుంటుంది. దొరలు ఒక అర్థం, వేకువ ఇంకో అర్థం. వందేమాతరం బిళ్లలు పెట్టుకున్న గొడవలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని ట్రైనింగ్ కాలేజీ నుంచి పంపేసిన ఏడాది అది. ఆ వాతావరణంలో కవి రెండర్థాల మాట ఎంచుకున్నాడంటే నమ్మొచ్చు. 'లు' పెడితే ఈ అందమంతా పోతుంది.

ప్రాసయతి:
వ్యాకరణం ఒప్పుకుంటుంది, పద్యం ఒప్పుకోదు. వేకువే అర్థమైతే దొరలు ఏరీ? గొల్లవారు అసలు గొల్లవారే అయిపోతారు, రూపకం కూలిపోతుంది. పైగా భరతఖండం పాడియావు అని మొదటి పాదంలోనే అనేసిన మనిషి మూడో పాదంలో దేన్ని దాస్తాడు?

శ్లేషప్రియ:
శ్లేష అంటే ఒకటి పోయి ఇంకోటి రావడం కాదు కదా. మొదటి అర్థం అలాగే ఉంటుంది.

పరిశోధక విద్యార్థి:
'ను', 'లు' పక్కన పెడితే, మార్కులు పోవాల్సిన చోట్లు వేరే ఉంటాయి. 'మూతులు బిగియగట్టి' అన్నది 1910 ప్రెస్ చట్టం గురించి అని గైడ్లు చూసి రాసేవాళ్లుంటారు. పద్యం 1907 నాటిది. 1908లో వచ్చిన పత్రికల చట్టం కూడా అప్పటికి లేదు. పద్యాన్ని కవి గరిమెళ్ల సత్యనారాయణ ఖాతాలో వేసేవాళ్లూ ఉంటారు. ఆయన 'మాకొద్దీ తెల్లదొరతనము' సహాయనిరాకరణ రోజులది. రెండింట్లోనూ 'తెల్ల' ఉంది కదాని కలిపేయకూడదు. పాడియావును దాదాభాయి నౌరోజీ చెప్పిన సంపద తరలింపుతో (దేశ సంపద బ్రిటన్‌కు పోవడంతో) కలిపి, 1901 నాటి ఆయన పుస్తకం దాకా వెళ్లిన జవాబు కనబడితే 'తెల్లవారను' ఎలా రాసినా నేనైతే పూర్తి మార్కులు వేస్తాను.

చరిత్ర పాఠాలు:
నౌరోజీ దాకా వెళ్లింది సరిగ్గా ఆ అమ్మాయే. ఇంకొకరు 'హిందువులు' మాట ఇబ్బందిగా ఉందని 'భారతీయులు లేగదూడలై' అని మార్చేశారు. కింద వివరణ లేదు. అక్కడ మాత్రం మార్కు తగ్గించాను. ఆనాటి వాడుకలో హిందూదేశం అంటే ఇండియా, హిందువులు అంటే ఆ దేశపు జనం అనే అర్థం కూడా ఉందని, ఆ మాట ఈనాటి చెవికి వేరేగా వినిపిస్తుందని రాసి ఉంటే మెచ్చుకునేదాన్ని. ఆధారాన్ని దిద్దడం చరిత్ర విద్యార్థి పని కాదు.

ప్రాసయతి:
దిద్దినా నిలబడదు. భార, తీయులు, లేగదూ... ఆ తరువాత 'డలైయే' దగ్గర సూర్యగణం (గురువు, లఘువు లేదా మూడు లఘువులు) రాదు. యతీ పోయింది. హిం, యే కుదురుతాయి, భా కుదరదు.

గోదారి గట్టు:
గణాలు సరే, 'మూతులు' ఎవరివో ఎవరైనా చెప్పారా? అందరూ దూడలవే అనుకుంటున్నారు. దూడను మెడకు తలుగు వేసి కట్టేస్తారు, పితికేటప్పుడు మూతి కట్టాల్సిన పనేముంది?

పాత ప్రతులు:
పాలు మాన్పించాలంటే దూడ మూతికి చిక్కం కడతారండీ. ఈ దూడలకు పాలు పూర్తిగా మాన్పించేశారనే కదా కవి బాధ. 'ఏడ్చుచుండ'తో కలిపి చదవండి.

గోదారి గట్టు:
మూతి కట్టాక ఏడుపు ఎలా వినిపిస్తుంది? ఏడ్చుచుండగా కట్టారా, కట్టాక ఏడుస్తున్నాయా? ముందు ఆ వరస తేల్చండి, 'ను' సంగతి తరువాత చూద్దాం.