చివరి రోజుల వైద్యం: డాక్టర్, నర్సు, ఆశా కలిసి శిక్షణ తీసుకోవాలా?

నర్సంపేట బిడ్డ: పోయిన ఏడాది మా బాపు గొంతు క్యాన్సర్‌తో పోయాడు. ఇంటికి తీసుకెళ్లి ఈ గోళీలు వేయండి అన్నారు. మార్ఫిన్ అట, గట్టి నొప్పి తగ్గించే మందు. నాలుగు గంటలకోసారి అని డాక్టర్ రాస్తే, అలవాటైపోతుంది, నొప్పి ఓర్చుకోలేనప్పుడే వేయండని వార్డులో ఇంకొకరు చెప్పారు. ఆశా అక్కకు ఆ మందేమిటో ఎవరూ చెప్పనే లేదు. వీళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఎందుకు నేర్పరు?

డాక్టర్ హన్మకొండ: మార్ఫిన్ రాయాల్సింది డాక్టరే. 2014లో మత్తుమందుల నియంత్రణ చట్టాన్ని (ఎన్‌డీపీఎస్) సవరించి లైసెన్సుల బాధ తగ్గించినా, ధైర్యంగా రాసే డాక్టర్లు తక్కువ. ముందు వాళ్లకు నేర్పండి. నర్సులు పక్కన కూర్చుంటే డోసు మారదు.

సిస్టరమ్మ: డోసు మారదు సార్. కానీ మార్ఫిన్‌తో పాటే విరేచనం మందు మొదలుపెట్టకపోతే కడుపు బిగుసుకుపోయి, ఇంట్లోవాళ్లు గోళీలే మానేస్తారు. అది కనిపెట్టేది ఎవరు? కేరళలో 2008లోనే ప్రభుత్వం ఇలాంటి వైద్యానికి పాలసీ తెచ్చింది. పంచాయతీల తరఫున నర్సులు ఇళ్లకు వెళ్తారు.

డాక్టర్ హన్మకొండ: ఆ విరేచనం మందు రాసేదీ నేనే కదమ్మా.

కోటవాడ: ఆసరా పింఛన్ కాగితాలు ఎవరు చూడాలి? సోషల్ వర్కర్ ఊసే ఎత్తరేం?

సిస్టరమ్మ: మీరు రాసి వెళ్లిపోతారు సార్. రాత్రి రెండింటికి మంచం పక్కన ఉండేది మేము.

డాక్టర్ హన్మకొండ: ముప్ఫై ఆరు గంటలు ఏకధాటిగా డ్యూటీ చేసినవాణ్ని. వెళ్లిపోతారని నన్ననకండి. కొడుకులు నా చెయ్యి పట్టుకుని "నాయనకు చెప్పకండి సార్" అని ఏడుస్తారు. ఆ బరువు మోసేది నేను.

సిస్టరమ్మ: ఆ సంగతి మాకు చెప్పారా? అదే పెద్దాయన రాత్రి నన్ను "బిడ్డా, నేను బతుకుతనా?" అని అడుగుతాడు. ఇంట్లోవాళ్లకు మీరేం చెప్పారో తెలియక మొహం తిప్పుకుంటాను. నా బాధ డోసు గురించి కాదు సార్, ఇదీ.

డాక్టర్ హన్మకొండ: అది ఒక్కరే చెప్పాలి. నలుగురు చెబితే నాలుగు మాటలవుతాయి.

నర్సంపేట బిడ్డ: మాకు ఒక్కరూ చెప్పలేదు సార్. బాపు మేడారం పోదామన్నాడు. తగ్గినాక పోదాం బాపు అన్నాను. తగ్గదని నాకు తెలియదు.

డాక్టర్ హన్మకొండ: ఎవరు చెప్పి ఉంటే బాగుండేదంటారు?

నర్సంపేట బిడ్డ: ఎవరైనా సరే. ఆశా అక్క రోజూ వచ్చేది. ఆమెకు తెలిసి ఉన్నా చాలు.