అప్‌డేట్: బండి త్వరణం లెక్కకీ కొలతకీ తేడా ఎందుకొచ్చిందో తెలిసింది

పోయిన వారం అడిగిన ప్రశ్న ఇది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి ప్రయోగం: బల్ల మీద 2 కిలోల చక్రాల బండి, దానికి కట్టిన దారం కప్పీ మీదుగా వెళ్లి చివర 500 గ్రాముల బరువు. లాగే బలం 0.5 × 9.8 = 4.9 న్యూటన్లు. దాన్ని బండి ద్రవ్యరాశి 2తో భాగిస్తే త్వరణం (వేగం పెరిగే రేటు) 2.45 రావాలి. అంటే మీటరు దూరానికి 0.9 సెకను పట్టాలి. మాకేమో 1.06 సెకను వస్తోంది.

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఎక్కువమంది ఘర్షణ అన్నారు. చక్రాలకు నూనె వేశాం, 1.04కి తగ్గింది, అంతే. గ్రాములు కిలోలుగా మార్చడంలో తప్పేమీ లేదు. స్టాప్‌వాచ్ మీదా అనుమానపడ్డాం, ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసినా అదే సమయం.

అసలు సంగతి వాళ్ల ఫిజిక్స్ సార్ పట్టుకున్నారు. ఆ 4.9 న్యూటన్లు బండిని ఒక్కదాన్నే కదిలించడం లేదు, వేలాడే బరువు కూడా అదే త్వరణంతో కిందికి దిగుతోంది. కాబట్టి భాగించాల్సింది 2.5తో. త్వరణం 1.96, సమయం 1.01 సెకను! మిగిలిన కాస్త తేడా ఘర్షణదే.

నాకు బాగా నచ్చింది ఆయన చూపించిన రుజువు. దారం మధ్యలో తేలికైన స్ప్రింగ్ త్రాసు కట్టారు. బండిని చేత్తో ఆపి ఉంచితే 4.9 చూపింది, వదలగానే ముల్లు 4 దగ్గరికి దిగింది. బండికి అందే బలం దారంలోని తన్యతే (బిగువుగా ఉన్న దారం లాగే బలం), బరువు మొత్తం కాదు. మా అమ్మాయి నాలుగుసార్లు వదిలి చూసుకుంది.