మొహాలు గుర్తుండనివాడు పెద్దయ్యాక కూడా కార్టూన్లే చూస్తే మీకేంటి నష్టం?

నీడపట్టు:
పండక్కి అత్తారింటికెళ్లాను. భోజనాలయ్యాక అందరూ హాల్లో కూర్చుని ఓ పోలీసు సినిమా పెట్టారు. ముగ్గురు ఆఫీసర్లు. ముగ్గురికీ ఒకటే యూనిఫారం, ఒకటే గడ్డం, ఒకటే క్రాఫు. ఇంటర్వెల్ దాకా ఇద్దరే అనుకున్నాను. చచ్చిపోయినవాడు మళ్లీ జీపు దిగుతున్నాడేంటని అడిగితే మా బావమరిది పడీ పడీ నవ్వాడు.
నాకు చిన్నప్పట్నుంచీ మొహాలు గుర్తుండవు. చూపు బాగానే ఉంది. కళ్లు, ముక్కు, మూతి అన్నీ కనిపిస్తాయి, ఎదుటివాళ్లు నవ్వుతున్నారో కోపంగా ఉన్నారో తెలుస్తుంది. ఆ మొహం ఎవరిదన్నదే తెలీదు. అందుకే యానిమేషన్ సిరీస్‌లు చూస్తాను. మొదటి ఎపిసోడ్లో నీలం జుట్టున్నవాడికి ఆఖర్లోనూ నీలం జుట్టే. ఎవరు ఎవరో వెతుక్కునే పని లేకుండా కథ చూడొచ్చు. ఇంట్లో మాత్రం "ఇంకా పిల్లాడివా" అంటున్నారు. ఇందులో పిల్లతనం ఎక్కడుందో చెప్పండి.

చాక్‌పీసు మేష్టారు:
నా ఉద్యోగమంతా బళ్లోనే గడిచింది. ఏటా కొత్త పిల్లలు. దసరా సెలవుల లోపు ప్రతివాడి మొహమూ, వాడి తండ్రి మొహమూ నోటికొచ్చేసేవి. శ్రద్ధ ఉంటే గుర్తుంటుంది నాయనా. ఎదుటి మనిషి మీద ఆసక్తి లేనివాడికి ఏదీ గుర్తుండదు. దానికి కార్టూన్లు మందు కాదు.

మినపరొట్టె:
నాకు కొరియన్ సీరియళ్లలో అందరూ ఒకేలా కనిపిస్తారు. నాకూ ఇదేనా?

సీతాఫలం:
కాదు రొట్టె అన్నా. పుట్టినకాడ చూడని జాతి మొహాలు మొదట్ల ఎవ్వరికైనా ఒక్కతీరుగనే కొడ్తయి. నాలుగు సీరియళ్లు చూస్తే నీకు అలవాటైతది. మాకు కాదు. బజార్ల మా అమ్మను నేను గుర్తువట్టేది చీర చూసి, నడక చూసి.
మేష్టారూ, దీనికి ప్రొసోపాగ్నోసియా అని 1947ల పేరు పెట్టిండు బోడామర్ అనే జర్మన్ డాక్టరు. ఆయన చూసిన రోగుల్ల యుద్ధంల తలకు గాయమైనోళ్లున్నరు. పుట్టుకతోనే వచ్చేది కూడా ఉంటదని తర్వాత తెలిసింది, కొన్ని ఇండ్లల్ల వంశంల నడుస్తది. నూటికి ఇద్దరి దాకా ఉంటరంటరు, గీత యాడ గీస్తరన్నదాన్ని బట్టి లెక్క మారతది. ఆలివర్ శాక్స్ అని పెద్ద న్యూరాలజిస్టు, పుస్తకాలు కూడా రాసిండు. ఆయన ఎదురొచ్చిన గడ్డపాయనకు సారీ చెప్పి, తర్వాత చూస్తే అది అద్దం. ఆయనకూ శ్రద్ధ లేదంటరా?

చాక్‌పీసు మేష్టారు:
పేరు పెట్టినంత మాత్రాన బద్ధకం జబ్బైపోదమ్మా. ఈ రోజుల్లో దేనికి పేరు లేదు?

ఢంకా:
నాకు ఒక్కటే డౌటు. ఛోటా భీమ్‌లో ఢోలూ, భోలూ కవలలు. ఈయన వాళ్లని వేరు చెయ్యగలడా? చెయ్యలేకపోతే కార్టూన్లలో అందరూ తెలుస్తారనడం అబద్ధం. చెయ్యగలిగితే మొహాలు గుర్తుండవనడం అబద్ధం. రెండిట్లో ఏదో తేల్చమనండి.

నీడపట్టు:
ఢోలూ భోలూని ఎవరూ వేరు చెయ్యరండీ. చెయ్యక్కర్లేదు కూడా, ఇద్దరూ కాలియా వెనకాలే తిరుగుతారు.

ఢంకా:
అంటే తప్పించుకున్నారన్నమాట.

తూనీగ:
మన సినిమాల్లో హీరో బుగ్గ మీద పుట్టుమచ్చ పెట్టుకొస్తే విలన్ గుర్తుపట్టడు. ఆ విలన్లందరికీ ఇదే జబ్బని ఇవాళ తెలిసింది.

నీడపట్టు:
నవ్వండి. చిన్నప్పుడు ఆ సీన్లు నాకు వింతగా అనిపించేవి కావు. మీసం పెట్టుకుంటే మనిషి మారిపోతాడు కదా, హాలంతా ఎందుకు నవ్వుతోంది అనుకునేవాణ్ణి.
పౌరాణికాలు మాత్రం హాయిగా చూస్తాను. కిరీటం, గద, ఒంటి రంగు చూస్తే చాలు. చిక్కంతా ఈ కాలం వెబ్ సిరీస్‌లతోనే. చీకట్లో తీస్తారు, అందరికీ గడ్డాలే, మధ్యలో "పదేళ్ల క్రితం" అని హెయిర్‌స్టైల్ మార్చేస్తారు. గొంతు పట్టుకుందామంటే డబ్బింగులో ఒకే ఆర్టిస్టు ఇద్దరికి చెప్పేస్తాడు. సబ్‌టైటిల్స్‌లో మాట ముందు పేరు వేస్తే బతికిపోతాను, అదీ అన్నిట్లో ఉండదు.

ఢంకా:
సరే, ఛోటా భీమ్ వదిలేద్దాం. జపాన్ అనిమే తీసుకోండి. జుట్టు తీసేస్తే అన్నీ ఒకే మొహం. పెద్ద కళ్లు, చుక్కంత ముక్కు. మొహాలు తెలీనివాడు ఆ ఒకే అచ్చు మొహాలు చూసి సుఖపడుతున్నాడంటే నమ్మమంటారా?

సీతాఫలం:
అన్నా, నువ్వు మా మాటనే చెప్తున్నవ్. దీన్ని పట్టుకునేటందుకు 2006ల ఒక పరీక్ష తయారుచేసిన్రు, కేంబ్రిడ్జి ఫేస్ మెమరీ టెస్ట్ అంటరు. అండ్ల ఫోటోలకు జుట్టు కనబడకుండ కత్తిరిస్తరు. ఎందుకంటే మాలాంటోళ్లు జుట్టు పట్టుకునే నెగ్గుకొస్తరు. అనిమేల ఎవ్వరూ జుట్టు కత్తిరించరు, గందుకే మాకు నచ్చుతది.
ఇంకొకటి. చక్ క్లోజ్ అని అమెరికా పెయింటరు ఉండె, 2021ల పోయిండు. ఆయనకూ మొహాలు గుర్తుండవు. గీసినవన్నీ గోడంత మొహాలే. ఎదుటి మనిషి తల కొంచెం తిప్పినా కొత్త మనిషి లెక్క కనబడ్తడట, ఫోటోల చదునుగ ఉంటే మాత్రం గుర్తుంటదట. బొమ్మల సీరియల్ల ఉండేది గా చదునుతనమే కదా అని నాకనిపిస్తది.

ఢంకా:
జపాన్ బొమ్మల గురించి అడిగితే అమెరికా వెళ్లారు.

చాక్‌పీసు మేష్టారు:
ఆ పెయింటరు పని చేశాడు. సోఫాలో కూర్చుని పిల్లల బొమ్మలు చూడలేదు.

నల్లరేగడి:
బొమ్మలు పిల్లలవని ఎవరు చెప్పినారు సార్? మా అమ్మమ్మది ధర్మవరం పక్కన ఊరు. నిమ్మలకుంట వాళ్లు వచ్చి తోలుబొమ్మలాట ఆడితే పిల్లోళ్లం సగంలోనే నిద్రపోయేవాళ్లం. తెల్లారేదాకా చూసింది పెద్దోళ్లే. తెర మీద పది తలలు కనపడితే రావణుడే, ఇంక అడగాల్సిన పన్లేదు. అంతెందుకు, ఛోటా భీమ్ తీసిందీ హైదరాబాద్ కంపెనీనే.

చాక్‌పీసు మేష్టారు:
రామాయణాన్నీ లడ్డూలు తినే భీమ్‌నీ ఒకే గాటన కట్టకండి దయచేసి.

కృష్ణవేణి డల్లాస్:
మా వారికీ ఇదే ఉంది, అందుకని రాస్తున్నాను. నీడపట్టు గారూ, ఆయన కార్టూన్లు చూస్తే నాకేం బాధ లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మేడ మీద గదిలోకి పోతారు చూడండి, దానికే నా ప్రాణం ఉసూరుమంటుంది. నేనూ పిల్లలూ కింద, ఆయన పైన. మీ ఇంట్లోవాళ్ల "పిల్లాడివా" కూడా అలాంటిదేమో చూసుకోండి.

నీడపట్టు:
మా ఇంటి సంగతి మీకేం తెలుసండీ? హాల్లో కూర్చుంటే "వీడెవడు" అని అడగాలి, అడిగితే నవ్వుతారు. నవ్వించుకోవడానికి కూర్చోవాలా?

కృష్ణవేణి డల్లాస్:
ఆ నవ్వేవాళ్లకి మీకిది ఉందని తెలుసా? మీ ఆవిడకి చెప్పారా?

నీడపట్టు:
మతిమరుపని చెప్పాను. అది చాలు.

చాక్‌పీసు మేష్టారు:
ఇదిగో, ఇప్పుడొచ్చింది అసలు సంగతి! చాలదు నాయనా. మా అల్లుడి గురించి చెప్తాను వినండి. నన్ను తీసుకెళ్లడానికి సికింద్రాబాద్ స్టేషన్‌కి వచ్చాడు. నేను ఎదురుగా బ్యాగు పట్టుకుని నిలబడ్డాను. నా మొహంలోకి చూసి, తల తిప్పుకుని, పక్కనుంచి నడిచి వెళ్లిపోయాడు. కూలీల ముందు నా పరువేం కావాలి? వెనకాల మా అమ్మాయి వచ్చి "నాన్నా" అన్నాక అప్పుడు నమస్కారం పెట్టాడు. పిల్లనిచ్చిన మామ అంటే అంత చులకన. ఆ రోజు నుంచి వాళ్లింటికి వెళ్లడం తగ్గించుకున్నాను.

సీతాఫలం:
మేష్టారూ, అప్పుడు యాడికెళ్లి వస్తున్నరు మీరు?

చాక్‌పీసు మేష్టారు:
తిరుపతి నుంచి.

సీతాఫలం:
మొక్కు ఉండెనా?

చాక్‌పీసు మేష్టారు:
ఉందమ్మా. తలనీలాలు ఇచ్చి వస్తున్నాను. అయితే ఏమిటంట?

మినపరొట్టె:
మీసం కూడానా మేష్టారూ?

చాక్‌పీసు మేష్టారు:
అదీ మొక్కులో భాగమే. గుండైతే మాత్రం మామగారు మామగారు కాకుండా పోతాడా? నన్ను వందసార్లు చూసినవాడు!

నీడపట్టు:
మీ జుట్టునీ మీసాన్నీ వందసార్లు చూశాడేమో.

చాక్‌పీసు మేష్టారు:
వెటకారం వద్దు. నువ్వన్నట్టు అది జబ్బే అనుకుందాం. సంబంధం మాట్లాడుకునేటప్పుడు ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను స్టేషన్లో అంత అవమానపడేవాణ్ణా? నేనే ముందు పలకరించేవాణ్ణి. నాకు కోపం గుర్తుపట్టనందుకు కాదు, దాచినందుకు.

నీడపట్టు:
చెప్తే పిల్లనిచ్చేవారా? పొద్దున్నుంచీ మీరే దీన్ని బద్ధకం అంటున్నారు. పెళ్లిచూపుల్లో కూర్చుని "మీ అమ్మాయి మొహం రేపటికి నాకు గుర్తుండదండీ" అని చెప్పమంటారా? కాఫీ కప్పు కూడా చేతికివ్వరు.

చాక్‌పీసు మేష్టారు:
ఇచ్చేవాణ్ణి కాదేమో. అయినా చెప్పాలి. ఇవ్వాలా వద్దా అన్నది నా వంతు.

కృష్ణవేణి డల్లాస్:
మేష్టారి మాట కటువుగా ఉన్నా నేనూ అదే అంటాను. మా వారూ చెప్పలేదు. పెళ్లైన కొత్తలో నేను జుట్టు కత్తిరించుకుంటే గ్రోసరీ స్టోరులో నన్ను దాటి వెళ్లిపోయారు. నేను నచ్చలేదేమో, అందుకే నా వంక చూడరేమో అనుకుని ఎన్ని రాత్రులు ఏడ్చానో. తెలిసి ఉంటే చేసుకునేదాన్నే, ఏడ్చేదాన్ని మాత్రం కాదు.

సీతాఫలం:
అక్కా, మీ బాధ కాదనను. గని మగపిల్లగాడు చెప్పుడు వేరు, ఆడపిల్ల చెప్పుడు వేరు. నాకిప్పుడు సంబంధాలు చూస్తున్నరు. మెదడుల లోపమని ఒక్కరికి తెలిస్తే ఊరంతా పిచ్చిదంటరు. కుదిరినంక ఆయనకొక్కనికే చెప్త, ముందు చెప్ప. తిట్టుకున్నా సరే.

చాక్‌పీసు మేష్టారు:
కుదిరాక చెప్పడమంటే చెప్పకపోవడమే.

సీతాఫలం:
మీలాంటి మామ దొరికితే అంతే మరి.

గాలిపటం:
ఇప్పుడే వచ్చాను, పైవన్నీ చదవలేదు. దీనికి మందేమైనా ఉందా?

సీతాఫలం:
లేదు. ట్రైనింగ్ ఇస్తే కొందరికి జర మెరుగైతదంటరు. పోదు మాత్రం.

చాక్‌పీసు మేష్టారు:
ఆఖరుసారి చెప్తున్నాను. మీరంతా కలిసి మా అల్లుడికి లేని జబ్బు అంటగడుతున్నారు. అతను కార్టూన్లూ గీర్టూన్లూ ఏవీ చూడడు. సినిమాలకీ రాడు. సెలవొస్తే పొద్దస్తమానం క్రికెట్టే.

నీడపట్టు:
క్రికెట్లో వీపు మీద పేరు, నంబరు రాసుంటాయి మేష్టారూ.