చర్చ: హైదరాబాద్‌లో రోజు విడిచి రోజు సరఫరా మాని 24 గంటలూ నీళ్ళివ్వాలా?

సత్యం_పంపిణీ:
ఇవ్వాలి. రోజు విడిచి రోజు ఇవ్వడం నీళ్ళను మిగల్చదు, పాడు చేస్తుంది. వాల్వు కట్టేశాక లైన్‌లో మిగిలింది పల్లంలోని ఇళ్ళు లాగేసుకుంటాయి. మెరక వైపు పైపు ఖాళీ అవుతూ బయటినుంచి పీల్చుకోవడం మొదలుపెడుతుంది. తుప్పు పట్టిన జీఐ (జింకు పూత ఇనుప పైపు) హౌస్ కనెక్షన్ చాలా చోట్ల డ్రైనేజీ పక్కనుంచో, దాన్ని దాటుకునో వెళుతుంది. నీళ్ళు కారిపోయిన చిల్లులోంచే మురుగు లోపలికొస్తుంది. ఎవరైనా లైన్‌కు నేరుగా మోటార్ బిగిస్తే నీళ్ళొచ్చే టైములోనూ ఇదే పరిస్థితి. మంచినీటి లైన్‌కూ మురుగు లైన్‌కూ 3 మీటర్ల ఎడం ఉండాలని కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్ అంటుంది. కొన్ని గల్లీల వెడల్పే అంత ఉండదు! అక్కడ లైన్‌లో ఎప్పుడూ ప్రెషర్ ఉండటమే రక్ష. పూరీలో 2021 నుంచి కుళాయి నీళ్ళు నేరుగా తాగేలా 24 గంటలూ ఇస్తున్నారు.

పద్మజ_ప్లానింగ్:
సత్యం గారూ, కలుషితం గురించి మీరన్నది నిజమే. కానీ లీకుల లెక్క వదిలేశారు. రెండు రోజులకోసారి రెండు గంటలు కారే జాయింటు, 24 గంటల సరఫరాలో అదే రెండు రోజుల్లో 48 గంటలు కారుతుంది. కృష్ణా, గోదావరి నీళ్ళను వంద కిలోమీటర్లకు పైగా పంపు చేసి తెచ్చుకుంటున్నాం, కారే ప్రతి కిలోలీటరుకూ కరెంటు ఖర్చుంది. ఇంకోటి, వీధి లైన్‌లో 7 మీటర్ల ప్రెషర్ (అంటే నీళ్ళను అంత ఎత్తుకు ఎక్కించగల ఒత్తిడి) ఒక అంతస్తుకే సరి. మూడంతస్తులకే 17 కావాలి. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌కు సంపు (నేలలోపలి ట్యాంకు) ఎలాగూ తప్పదు. సంపులో నిలవున్న కొద్దీ క్లోరిన్ తగ్గిపోతుంది. వీధిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ చూపించిన క్లోరోస్కోప్ (రంగును బట్టి క్లోరిన్ కొలిచే కిట్), పైట్యాంకు కుళాయి దగ్గర రంగే చూపించకపోవచ్చు. అప్పుడు ఇంత ఖర్చు పెట్టి సాధించిందేంటి?

సత్యం_పంపిణీ:
అపార్ట్‌మెంట్ల వరకు ఒప్పుకుంటాను. బస్తీల్లో సంపులుండవు, డ్రమ్ములూ బిందెలే. రోగాల భారం ఎక్కువగా పడేదీ వాళ్ళమీదే. మొదలు అక్కణ్ణుంచే పెట్టాలి.

ఖాజా_లైన్స్:
ఇద్దరూ ఊరంతటికీ ఒకే జవాబు వెతుకుతున్నారు. హుబ్బళ్ళి-ధార్వాడలో ముందు కొన్ని వార్డులకే ఇచ్చారు, అదీ లైన్లూ హౌస్ కనెక్షన్లూ మార్చి, మీటర్లు పెట్టాకే. ఇక్కడైనా జోన్ల వారీగానే కుదురుతుంది. 2,000 కనెక్షన్ల జోన్ తీసుకోండి. ఇన్‌లెట్‌లో, అంటే జోన్‌లోకి నీళ్ళొచ్చే చోట, మొత్తం నీళ్ళను కొలిచే బల్క్ మీటరు పెట్టి, కొన్నాళ్ళు ఆ జోన్ వరకు నీళ్ళు ఆపకుండా ఇచ్చి, ట్యాంకులన్నీ నిండాక, వాడకం దాదాపు లేని రాత్రి 2 నుంచి 4 మధ్య ఫ్లో చూడాలి. అప్పుడు కూడా గంటకు 20 కిలోలీటర్లు పోతుంటే అందులో ఎక్కువ భాగం లీకే. రోజుకు 480 కిలోలీటర్ల దాకా, అంటే కనెక్షన్‌కు 240 లీటర్లు. (రాత్రి ప్రెషర్ ఎక్కువ కాబట్టి పగటి లీకు ఇంతకంటే కొంత తక్కువే.) తర్వాత లోపలి వాల్వులు ఒక్కోటీ కడుతూ ఏ వీధి కట్టినప్పుడు ఫ్లో పడిపోతుందో చూస్తే తవ్వాల్సిన వీధి తేలుతుంది. పెద్ద లైన్ కంటే ఫెర్రూల్ (ఇంటి పైపు మెయిన్‌కు కలిసే బిగింపు) దగ్గరా, హౌస్ కనెక్షన్ పైపులోనే ఎక్కువ దొరుకుతాయి. పాత జీఐ ముక్క మళ్ళీ అతికించొద్దు, మెయిన్ నుంచి మీటరు దాకా ఎండీపీఈ (తుప్పు పట్టని ప్లాస్టిక్ పైపు) వేసెయ్యాలి.

పద్మజ_ప్లానింగ్:
మీటర్లంటారా? 2021 జనవరి నుంచి నెలకు 20 కిలోలీటర్లు ఉచితం. ఆ లోపు వాడేవాళ్ళకు కారే కుళాయి బాగు చేయించుకునే తొందరేముంటుంది?

ఖాజా_లైన్స్:
బిల్లు లేకున్నా రీడింగ్ కావాలమ్మా. ఇళ్ళ రీడింగులన్నీ కలిపి బల్క్ మీటరు లోంచి తీసేస్తేనే కదా పోయిందెంతో తెలిసేది.

సత్యం_పంపిణీ:
ఖాజా భాయ్, పక్క జోన్‌లోకి దొంగతనంగా కలిసిన లైనుంటే ఈ లెక్కంతా తప్పుతుంది కదా?

ఖాజా_లైన్స్:
తప్పుతుంది. అందుకే మీటరు నమ్మేముందు జీరో ప్రెషర్ టెస్ట్. అర్ధరాత్రి దాటాక సరిహద్దు వాల్వులన్నీ కట్టి, చివరగా ఇన్‌లెట్ కట్టి, జోన్‌లో పల్లపు కుళాయి ఒకటి తెరిచి, రెండు మూడు చోట్ల గేజ్ పెట్టాలి. ప్రెషర్ సున్నాకు దిగకపోయినా, దిగి మళ్ళీ ఎక్కినా ఎక్కడో కట్టిన వాల్వులోంచి నీళ్ళు పోతున్నాయి, లేదా మ్యాప్‌లో లేని లైన్ కలిసింది. అది దొరికేదాకా రాత్రి ఫ్లో లెక్క మొదలుపెట్టొద్దు. టెస్ట్ అయ్యాక ఇన్‌లెట్ వాల్వు మెల్లగా, ఆగి ఆగి తెరవండి. గబుక్కున తిప్పితే ఆ దెబ్బకు కొత్త జాయింట్లు కూడా ఊడిపోతాయి.