పొదుగు మీదున్న పెట్ట పాలిపోతోంది, గుడ్ల మీద నుంచి లేపేయాలా?

ప్రశ్న

పెరట్లో కొన్ని పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. నల్ల పెట్ట పొదుగుకొస్తే మంచి గుడ్లు ఏరి దాని కింద పెట్టాను. రెండో వారం దాటుతోంది. మొదట్లో చెయ్యి దగ్గరికి తెస్తే చాలు, ఈకలు నిక్కబొడిచి గుర్రుమంటూ పొడిచేది. ఇప్పుడు చెయ్యి పెట్టినా ఊరుకుంటోంది. ఎర్రగా ఉండే తలమీది జుట్టు బాగా పాలిపోయింది. ఎత్తి చూస్తే తేలిగ్గా ఉంది, రొమ్ము ఎముక చేతికి తగులుతోంది. రాత్రిళ్లు కుదురుగా కూర్చోకుండా అటూ ఇటూ కదులుతున్న చప్పుడు వస్తోంది.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. గోధుమరంగు పెట్ట ఒకటి నిన్నటి నుంచి తుమ్ముతోంది, ఒక కంట్లో నురగ కనబడుతోంది. దాని గుడ్లు కూడా పొదుగులో ఉన్నాయి. అవి పెట్టినప్పుడు మాత్రం అది శుభ్రంగా ఉంది.

నల్ల పెట్టను లేపేసి గుడ్లు వదులుకోవాలా? పిల్లల కోసమని దాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

మొదటి జవాబు

ఇప్పుడే లేపకండి. ఈ రాత్రి బాగా చీకటి పడ్డాక టార్చ్ తీసుకుని గూటి దగ్గరికి వెళ్లండి. ఒక తెల్ల కాగితాన్ని చెక్కల సందుల్లో, గూటి అడుగున గట్టిగా రుద్ది చూడండి. దాని మీద రక్తపు చారలు పడితే అక్కడ ఎర్ర మైట్స్ అనే చిన్న పురుగులు ఉన్నట్టే. పగలు సందుల్లో దాక్కుంటాయి, రాత్రి బయటికొచ్చి కోడి రక్తం తాగుతాయి. పగలు ఈకలు ఎంత వెతికినా దొరకనిది అందుకే. రాత్రి కుదురుగా కూర్చోవడం లేదన్నారు చూడండి, నాకు అనుమానం వచ్చింది అక్కడే.

పొదుగు మీదున్న పెట్ట కొంచెం పాలిపోవడం, చిక్కిపోవడం మామూలే. గుడ్లు పెట్టడం ఆగిపోతుంది, జుట్టు ముడుచుకుంటుంది, రోజుకు ఒకసారి పదిహేను ఇరవై నిమిషాలు దిగి మేత తిని, నీళ్లు తాగి, ఒక పెద్ద రెట్ట వేసి మళ్లీ ఎక్కేస్తుంది. మామూలు పాలిపోవడమా, రక్తం తగ్గిందా అన్నది నోరు తెరిచి చూస్తే తెలుస్తుంది. లోపల గులాబీ రంగు ఉంటే భయం లేదు. కాగితంలా తెల్లగా ఉంటే రక్తం పోతున్నట్టే. పొడవడం మానేసిందన్న మాట నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. పొదుగు పెట్టకు ఓపిక ఉన్నంతకాలం కోపం ఉంటుంది.

మైట్స్ ఉంటే రేపు సాయంత్రం కొత్త గూడు సిద్ధం చేయండి. నేను ప్రతి పొదుగుకూ చెక్క గూడు మాని అట్టపెట్టె వాడతాను, పిల్లలు లేచాక గడ్డితో సహా తగలబెట్టేయొచ్చు. చీకట్లో పెట్టనూ గుడ్లనూ కలిపి మార్చండి. పెట్టె పాత గూడు ఉన్నచోటే ఉంటే మంచిది, లేకపోతే దిగినప్పుడు పాత జాగాకే వెళ్లి కూర్చుంటుంది. కానీ పాత గూటిని ముందు అక్కడి నుంచి తీసేసి, కింద, పక్కన ఊడ్చి కడగాలి. మార్చేటప్పుడు గుడ్లు అరగంట చల్లబడినా ఈ దశలో ఏమీ కాదు. పాత గడ్డి కాల్చేయండి. ఆ పురుగులు మేత లేకుండా నెలల తరబడి బతకగలవు, ఊరికే దులిపితే పోవు.

పెట్ట ఒంటికి ఏ పొడి వాడాలన్నది పశువుల డాక్టర్‌నే అడగండి, పొదుగు మీద ఉందని తప్పకుండా చెప్పండి. గుడ్డు పెంకుకు సన్నని రంధ్రాలుంటాయి, ఇంట్లో దోమలకు కొట్టే స్ప్రేలు గూటి దగ్గరికి కూడా తేవద్దు. పురుగుల గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి మొదటిసారి చేశాక వారం పది రోజులకు మళ్లీ చేయాలి. పెట్ట దిగే చోట పొడి మట్టిలో కాస్త కట్టెల బూడిద కలిపి పెట్టండి. మట్టిలో పొర్లడానికి దానికి దొరికేది ఆ కొద్ది నిమిషాలే.

రెండో జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తాను. తుమ్మే పెట్ట గురించి నేను చెబుతాను అక్కా. దాన్ని ఈ రోజే వేరు చేయండి. మేత గిన్నె, నీళ్ల గిన్నె వేరు. ముందు నల్ల పెట్ట పని, తర్వాత మిగతావి, చివరికి జబ్బుది. వెనక్కి వెళ్లేటప్పుడు చెప్పులు మార్చండి, చేతులు కడగండి. తుమ్ము, కంట్లో నురగ చూసి ఇదీ జబ్బు అని ఇంట్లో కూర్చుని తేల్చలేం. కోళ్లకు ఊపిరి సంబంధంగా వచ్చే మైకోప్లాస్మా కావచ్చు, కొరైజా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. మైకోప్లాస్మా అయితే గుడ్డు ద్వారా పిల్లకు కూడా వస్తుంది, పైకి తగ్గినా పెట్టలో ఉండిపోతుంది. అందుకే డాక్టర్ చేత శాంపిల్ తీయించండి. మిగిలిన యాంటీబయాటిక్ ఏదో నీళ్లలో కలిపేయకండి. మందు వాడినన్ని రోజులు, ఆ తర్వాత డాక్టర్ చెప్పినన్ని రోజులు దాని గుడ్లు తినకూడదు. ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే మాత్రం చచ్చిన కోళ్లను ముట్టుకోకుండా వెంటనే పశువైద్య శాఖకు చెప్పండి, బర్డ్ ఫ్లూ మనుషులకూ రావచ్చు.

అడిగినవారు

రాత్రి చూశాను. కాగితం నిండా ఎర్ర చారలే. గూటి మేకుల చుట్టూ గుంపులుగా ఉన్నాయి, చూస్తుంటే కడుపులో దేవినట్టయింది. పాపం అది వాటి మధ్యే గుడ్లు వదలకుండా కూర్చుంది. నోరు చూస్తే లేత గులాబీగానే ఉంది. డాక్టర్‌తో మాట్లాడి పొడి తెచ్చి, నిన్న అట్టపెట్టెలోకి మార్చాను. పొద్దున్నే చెయ్యి పెడితే పొడిచింది!

టార్చ్ మీద పెట్టి గుడ్లు చూశాను. చాలావాటిలో నల్లగా నిండి, పైన గాలి గది మాత్రం తెల్లగా ఉంది. రెండు పూర్తిగా తేటగా ఉన్నాయి. గోధుమరంగు పెట్ట గుడ్లకు పెన్సిల్ గుర్తు ఉంది కాబట్టి అవి ఏవో తెలుస్తోంది. వాటిని తీసేయాలా? తుమ్మే పెట్ట శాంపిల్ పంపారు, ఇంకా ఏమీ తేలలేదు.

మొదటి జవాబు ఇచ్చినవారు

పొడిచిందంటే చాలా సంతోషం అండి. తేటగా ఉన్న రెండింటిలో పిల్ల లేదు, తీసేయండి, అవి మురిగి పగిలితే మిగతా గుడ్లన్నీ పాడవుతాయి. గుర్తున్న గుడ్ల విషయంలో నా మాట సూటిగా చెబుతాను. రిజల్ట్ వచ్చేదాకా ఆగలేరు కాబట్టి తీసేయండి. నిండిన గుడ్డు తీయడం కష్టంగా ఉంటుంది, కానీ అందులోంచి జబ్బుతో ఒక్క పిల్ల లేచినా పక్కనున్న పిల్లలన్నిటికీ అంటుకుంటుంది.

పద్దెనిమిదో రోజు దాటాక గుడ్లు ముట్టుకోకండి, టార్చ్ కూడా వద్దు. ఇరవయ్యో రోజుకో, ఇరవై ఒకటో రోజుకో పెంకు మీద చిన్న గంటు కనబడుతుంది. గంటు పడ్డాక పిల్ల బయటికి రావడానికి ఒక పగలో ఒక రాత్రో పట్టొచ్చు. ఆలస్యమైందని పెంకు ఒలిచారంటే లోపలి పొరలో ఇంకా రక్తనాళాలు ఉంటాయి, పిల్ల రక్తం కారి చచ్చిపోతుంది. ముందు లేచిన పిల్లలు మేత లేక ఏడుస్తాయని బెంగ వద్దు. లోపలి పచ్చసొన వాటి కడుపులోకి వెళ్లి ఉంటుంది, ఒకటి రెండు రోజులు దాంతోనే గడుస్తుంది. తల్లి వాటిని కింద పెట్టుకుని మిగతావాటి కోసం ఆగుతుంది.

తల్లికీ పిల్లలకీ కలిపి పిల్లల మేతే వేయండి. గుడ్లు పెట్టే కోళ్ల మేతలో కాల్షియం ఎక్కువ, పిల్లల కిడ్నీలు పాడవుతాయి. నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వేయండి, పిల్లలు మునిగిపోకుండా. కింద ఎప్పుడూ పొడిగా ఉండాలి. మూడో వారం నుంచి ఆరో వారం దాకా రెట్టలో రక్తం కనబడితే, పిల్లలు రెక్కలు వేలాడేసి కూర్చుంటే కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బని అనుమానించండి. అది తడి గడ్డిలోనే పెరుగుతుంది, గంటలు కూడా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పాలి.

పెట్టకు పొడి రెండోసారి పడే రోజు పిల్లలు లేచే రోజుతో కలిసిపోయేలా ఉంది, ఒంటి మీదో గూటిలోనో ఏం చేయాలో డాక్టర్‌ను ఇప్పుడే అడిగి పెట్టుకోండి. శాంపిల్ రిజల్ట్ రాగానే రాయండి. పిల్లల్ని మిగతా కోళ్లలో ఎప్పుడు కలపాలన్నది దాన్నిబట్టే చెప్పగలం.